ఉన్నచోటే లేనిది

కిరండూల్ బజారులో కూర్మారావు దుకాణం ఎక్కడని కొత్తవాడెవడైనా అడిగితే, "ఏ కూర్మారావు? లైబ్రరీ కూర్మారావా?" అని ఎదురుప్రశ్న వస్తుంది. విన్నవాడు ఆ మనిషి పుస్తకప్రియుడు కాబోలు అనుకుంటాడు. అది బిరుదు కాదు. ఒక నింద మూడేళ్లపాటు పదిమంది నోళ్లలో నాని, అరిగి, ముందుముక్క మాత్రం మిగిలింది. పూర్తి మాట 'లైబ్రరీ దొంగ'.

కూర్మారావు ఏ పుస్తకమూ దొంగిలించలేదు. అసలు ఎవరి పుస్తకమూ పోలేదు. అయినా ఆ పేరు అతణ్ణి అంటిపెట్టుకుంది. ఇనుపకొండల నుంచి దిగే ఎర్రదుమ్ము ఆ ఊరి బట్టలకు ఎలా పడుతుందో అలా పట్టింది. ఎన్నిసార్లు ఉతికినా మడతల్లో మిగిలే రంగు అది. కూర్మారావు మనసులోని పగకు కూడా అదే రంగు.

అతని తండ్రి తవిటయ్య శ్రీకాకుళం జిల్లానుంచి ఇరవై రెండేళ్ల వయసులో రైల్వేపనికి ఈ హిందీ రాష్ట్రానికి వచ్చినవాడు. ముప్పైనాలుగేళ్లు కీమేన్‌గా చేశాడు. భుజాన సుత్తి వేసుకొని రోజూ ఆరు కిలోమీటర్ల పట్టా వెంట నడవడం, పట్టాను దిమ్మెకు బిగించి ఉంచే ఇనుపకీలు వదులైతే కొట్టి బిగించడం, లేకపోతే కొత్తది వేయడం అతని విధి. ఇనుపరాయి నింపుకొని విశాఖపట్నం దిగే గూడ్సుబండి ఎంత పొడవుంటుందో అందరూ చూస్తారు. దాన్ని పట్టా మీద నిలబెట్టే పిడికెడు కీలను చూసేవాడు తవిటయ్య ఒక్కడే. "నేదనీ ముందు ఉండాల్సినకాడ సూడాల. సూసి, తడిమి, అప్పుడు సెప్పాల నేదని," అనేది అతను కొడుక్కి నేర్పిన ఏకైక పాఠం. సొంతూరి దగ్గర కొలువైన కూర్మనాథుడి పేరు కొడుక్కి పెట్టుకున్నాడు.

ఆ కొడుకు జగదల్‌పూర్‌లో డిప్లొమా చదివి చిత్రమైన విద్య ఒకటి పట్టుకున్నాడు. ఇంకా పునాది తవ్వని భవనాన్ని కంప్యూటరులో కట్టి, దాని గుమ్మం గుండా మనిషిని లోపలికి నడిపించే విద్య. ఉదయం పూట తూర్పు కిటికీలోంచి ఎండ ఎంత లోపలికి వస్తుందో, నాపరాయి నేల మీద మెట్ల నీడ ఎలా విరుగుతుందో అతను చూపిస్తే, ఇల్లు కట్టుకోబోయేవాళ్లు చెప్పులు విడిచి చూసేవారు.

ఆరేళ్లపాటు ఆ విద్యను అతను చక్రధరరావు గారి కొలువులో ధారపోశాడు. 'శ్రీచక్ర డిజైన్స్' యజమాని చక్రధరరావు. గోదావరి వైపు నుంచి గని కాంట్రాక్టుల కాలంలో వచ్చి స్థిరపడిన మనిషి. పంచాంగం చూడనిదే గుమ్మం దాటడు. కాగితం తలకట్టున శ్రీకారం చుట్టనిదే చాకలిపద్దు కూడా రాయడు. అది మంచి ఆచారమే. కాని అక్షరం మీద ఉన్న భక్తి మనిషి మీద ఉండాలని ఆచారం ఎవరినీ నిర్బంధించదు.

ఇక నింద పుట్టిన కథ.

బొమ్మలు చూపే ఆ సాఫ్ట్‌వేర్ ఒంటరిగా నడిచేది కాదు. వెలుగు ఎలా పడాలో, గాజు ఎలా మెరవాలో చెప్పే చిన్న చిన్న సహాయక ఫైళ్లు దాని వెనుక ఉంటాయి. కంప్యూటరు పనివాళ్లు వాటిని లైబ్రరీ ఫైళ్లు అంటారు. కడలిని చిలికిన రోజున కొండ అందరికీ కనబడింది. అడుగున వీపు ఆన్చిన తాబేలు కనబడలేదు. అది పక్కకు జరిగి ఉంటే కొండ ఏమయ్యేదో, ఒక్క లైబ్రరీ ఫైలు దొరకనప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ అదే అవుతుంది. తెర మీద బూడిదరంగు పెట్టె ఒకటి వెలిసి, ఫలానా ఫైలు కనబడలేదని చెప్పి, అంతటితో ఊపిరి మానేస్తుంది.

మూడేళ్ల క్రితం కిరండూల్ ఆంధ్రసంఘం హాల్లో సంఘానికి కట్టబోయే ముఖద్వారం చూపించవలసిన రోజున ఆ పెట్టె వెలిసింది. వారం ముందే కూర్మారావు, "వచ్చే నెల నుంచి సొంతంగా చేసుకుంటానండీ," అని చెప్పి ఉన్నాడు. చక్రధరరావు రెండూ కలిపి లెక్క తేల్చుకున్నాడు. నిండు సభలో మైకు అందుకున్నాడు.

"క్షమించాలి. నా లైబ్రరీ ఫైలు ఒకటి మాయమైంది. ఎవరు తీశారో నాకు తెలుసు. నా ఉప్పు తిని, పని మానేస్తానన్నవాడే తీశాడు. వాడు ఈ హాల్లోనే ఉన్నాడు."

ఆ హాలు పక్కగదిలోనే సంఘం వారి తెలుగు గ్రంథాలయం ఉంది. రెండు బీరువాలు, ఒక బల్ల. హాల్లో ఉన్న నలభై మందికీ లైబ్రరీ అంటే అదే. లైబ్రరీలో ఏదో పోయిందని, కూర్మారావు ఎత్తుకుపోయాడని విన్నారు. సాయంత్రానికి అది పాత పురాణం ప్రతి అయింది. మర్నాటికి సభ్యుల రిజిస్టరు అయింది. "చదువుకున్నవాడే చదువును దొంగిలిస్తే ఇంకేం చెప్తాం," అని రేషను వరుసలో ఆడవాళ్లు అనుకున్నారు.

ఆ బీరువాల్లోని పుస్తకాల్లో సగానికి సగం తవిటయ్య మోసుకొచ్చినవి. పాసు మీద ఊరికి వెళ్లినప్పుడల్లా విశాఖపట్నంలో దిగి, సంఘం వాళ్లు రాసిచ్చిన జాబితా దుకాణంలో చూపించి, గోనెసంచిలో వేసుకొని తెచ్చేవాడు. తాను కూడబలుక్కొని చదవగలిగింది తక్కువ. మోసింది ఎక్కువ. నింద విన్న మర్నాడు పొద్దున అతను గ్రంథాలయానికి వెళ్లి, రిజిస్టరు పక్కన పెట్టుకొని, ప్రతి పుస్తకం వీపు తడిమి లెక్కపెట్టాడు. అన్నీ ఉన్నాయి. లేదనే ముందు ఉండవలసిన చోట చూసే మనిషి కదా. చూశాడు. అయినా నమ్మలేక చక్రధరరావు ఆఫీసుకు వెళ్లి గుమ్మం బయట చెప్పులు విడిచాడు.

తండ్రి ఎక్కడికి వెళ్లాడో తెలిసి పరుగున వచ్చిన కూర్మారావుకు గుమ్మం బయటే ఆ మాటలు వినబడ్డాయి.

"ఏ పుస్తకమో సెప్పండి బాబూ. నాను ఇసాపట్నం ఎల్లి కొని తెచ్చి ఎట్టేస్తాను. పిల్లడు తెలీక తీసుంటాడు. ఆడి మీద మాట ఉంచకండి."

తవిటయ్య రెండు చేతులూ జోడించి ఉన్నాడు. చక్రధరరావుకు క్షణకాలం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, ముసలివాడు లైబ్రరీ ఫైలంటే పుస్తకమనుకున్నాడని తెలిశాక, నవ్వాడు. బల్ల చరిచి, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "మీవాణ్ణే అడగవయ్యా, ఏ పుస్తకమో!" అన్నాడు. పుస్తకం కాదని ఒక్క మాట చెప్పలేదు. ఊరికీ చెప్పలేదు.

కూర్మారావు తండ్రి చెప్పులు చేత్తో తీసి, తండ్రి కాళ్ల ముందు పెట్టి, ఇంటికి తీసుకుపోయాడు. దారి పొడుగునా ఆ నవ్వు చెవుల్లోనే ఉంది. మూడేళ్లయినా అక్కడే ఉంది. ఆనాటి నుంచి తవిటయ్య సంఘం గుమ్మం తొక్కలేదు. కూర్మారావుకు భవనాల పని ఇచ్చినవాడు లేడు. బజారులో చిన్న గది తీసుకొని ఫోన్లకు అద్దాలు మార్చడం, దరఖాస్తులు నింపడం, ప్రింట్లు తీయడం మొదలుపెట్టాడు. ఇంటిదగ్గర మాత్రం పాత కంప్యూటరు మీద ఎవరూ అడగని భవనాలు కట్టుకుంటూనే ఉన్నాడు. ప్రతి భవనంలోనూ ఒక సభామందిరం. ప్రతి సభామందిరంలోనూ ఒక మైకు. ఆ మైకు ముందు నిలబడవలసిన మనిషి ఎవరో అతనికి తెలుసు.

ఆ మనిషి కబురు ఒక మంగళవారం ఉదయం పది గంటలకు వచ్చింది.

తెచ్చింది రీనా. రైల్వే క్వార్టర్సు పిల్ల, కూర్మారావు వెళ్లిపోయాక అతని కుర్చీలో కూర్చున్న ఆపరేటరు.

"భయ్యా, సార్ రమ్మంటున్నారు."

"ఏ సార్?"

"నాటకాలు ఆడకు భయ్యా. చక్రధర్ సార్. కొత్త మెషీను సతాయిస్తోంది. ఈరోజు నాలుగింటికి సంఘంలో మీటింగు. కొత్త కళ్యాణమంటపం చూపించాలి, లోపల నడిపించి మరీ చూపించాలి. పాత మెషీనుకి అంత దమ్ము లేదు. కొత్తదేమో తెరవగానే పెట్టె వేస్తోంది. మూడుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాను. సేమ్ గల్తీ."

"ఏం గల్తీ?"

రీనా తల దించుకుంది. ఆమెకూ కథ తెలుసు. "లైబ్రరీ ఫైలు కనబడటం లేదంట."

కూర్మారావు చేతిలోని స్క్రూడ్రైవరును బల్ల మీద మెల్లగా పెట్టాడు. మూడేళ్లుగా ఎదురుచూసిన అతిథి వాకిట్లోకి వచ్చి పేరుపెట్టి పిలిచినట్టయింది. "పద," అన్నాడు.

ఆఫీసులో చక్రధరరావు ఎదురొచ్చాడు. "రావయ్యా కూర్మారావూ. చిక్కిపోయావే! చూడు, పాతవన్నీ మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోవడానికి చోటేదండీ? అక్కడ ఇంకొకటి కూర్చుని ఉంది."

చక్రధరరావు అది చమత్కారమనుకొని నవ్వాడు. అదే నవ్వు.

కూర్మారావు కొత్త యంత్రం ముందు కూర్చున్నాడు. తెర చుట్టూ పసుపూ కుంకుమ బొట్లు ఇంకా ఆరనట్టే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ తెరిచాడు. బూడిదరంగు పెట్టె వచ్చింది. అందులో ఉన్న ఫైలు పేరు చదివాడు. తరువాత తండ్రి చెప్పిన పని చేశాడు. లేదనే ముందు ఉండవలసిన చోట చూశాడు.

ఫైలు అక్కడే ఉంది. పరిమాణం సరిగానే ఉంది, తేదీ సరిగానే ఉంది. ఉన్నచోటే ఉండి, లేదనిపించుకుంటోంది. తనలాగే.

అప్పుడతను ఫైలును వదిలి దాని చిరునామా చూశాడు. డి డ్రైవు, దానిలో ఫోల్డరు, దానిలో ఇంకో ఫోల్డరు. మొదటి ఫోల్డరు పేరు దగ్గర అతని చూపు ఆగిపోయింది. అక్కడ ఒకే ఒక్క తెలుగు అక్షరం ఉంది. 'శ్రీ'.

తొమ్మిదేళ్ల క్రితం పాత యంత్రం పెట్టిన రోజు అతనికి కళ్లకు కట్టింది. "తలకట్టున శ్రీ లేకుండా మొదలుపెడతావేంటి?" అని ఆనాడు చక్రధరరావు కోప్పడ్డాడు. "ఫోల్డరు పేరులో తెలుగు అక్షరం పెడితే ఈ సాఫ్ట్‌వేర్‌కు దారి చదవడం రాదండీ. ఇంగ్లీషు అక్షరాలే దానికి వచ్చు," అని కూర్మారావు నచ్చజెప్పి, ఆ పెద్దమనిషి తృప్తికోసం శ్రీకారాన్ని తెర మీద నేపథ్యచిత్రంగా పెట్టాడు. ఇప్పుడు కొత్త యంత్రానికి ముహూర్తం పెట్టి, పూజ చేసి, మొట్టమొదటి ఫోల్డరుకు యజమాని స్వహస్తంతో శ్రీకారం చుట్టాడు. వద్దని చెప్పవలసినవాణ్ణి దొంగ అని వెళ్లగొట్టాడు. రీనా మూడుసార్లు ఎక్కించినా ఆ శ్రీకారం కిందికే ఎక్కించింది. దారిలో మొదటి మెట్టే చదవలేని సాఫ్ట్‌వేర్, చివరి గదిలో ఉన్న ఫైలును లేదంటోంది.

రెండు నిమిషాల్లో విషయం తేలిపోయింది. కూర్మారావు పెదవి విప్పలేదు.

"ఏమైంది? దొరికిందా?" అన్నాడు చక్రధరరావు.

"సాఫ్ట్‌వేర్‌కు కనబడటం లేదండీ." అబద్ధం కాదు.

"పాత మెషీనులో అదే ఫైలు ఉందిగా? అక్కడి నుంచి కాపీ చేసి పడెయ్యి."

అలా ఇంకో యంత్రంలోంచి తెచ్చి అతికించడం పొరపాటని, ఆ పొరపాటు ఇక్కడ పనికి కూడా రాదని కూర్మారావుకు తెలుసు. అయినా లేచి, మూలనున్న పాత యంత్రం ముందు కూర్చున్నాడు. ఆరేళ్లు తన చేతికింద నడిచిన యంత్రం. అసలు ఆ రోజున ఫైలు ఏమయిందో చూసే అవకాశం అతనికి ఎవరూ ఇవ్వలేదు. యాంటీవైరస్ తెరిచాడు. అది తాను చేసిన ప్రతి పనికీ తేదీ, గంట రాసిపెట్టుకుంటుంది. మూడేళ్ల వెనక్కి వెళ్లాడు.

రెండు వరుసలు.

మొదటిది ముఖద్వారం చూపవలసిన రోజుది. ఉదయం తొమ్మిది నలభై. అనుమానాస్పదమని లైబ్రరీ ఫైలును తొలగించి విడిగా బంధించినట్టు. చేసినవారు: యాంటీవైరస్.

రెండవది మర్నాటిది. ఉదయం ఎనిమిది పదిహేను. బంధించిన ఫైలును విడిపించి పాతచోట పెట్టినట్టు. చేసినవారు: చక్రధర్.

కూర్మారావు ఆ గంటను మళ్లీ చదివాడు. ఎనిమిది పదిహేను. తండ్రి గ్రంథాలయంలో పుస్తకాలన్నీ లెక్కపెట్టి, ఇక్కడికి వచ్చి, చెప్పులు విడిచి, చేతులు జోడించింది పదకొండు దాటాక. అంటే ఆ జోడించిన చేతుల ముందు కూర్చున్న మనిషికి అప్పటికే అంతా తెలుసు. తెలిసి నవ్వాడు. తెలిసి మూడేళ్లు ఊరుకున్నాడు.

పక్కనే కళ్యాణమంటపం బొమ్మ ఉన్న ఫోల్డరు కనబడుతోంది, కొత్త యంత్రానికి ఇంకా చేరవేయనిది. రీనా మూడు నెలల శ్రమ. ఒక్క మీట నొక్కితే సాయంత్రం నాలుగింటికి చక్రధరరావు ఖాళీ తెర పక్కన నిలబడతాడు. వేలు ఆ మీట మీదికి వెళ్లింది కూడా. వెళ్లి ఆగింది. ముప్పైనాలుగేళ్లు పట్టాకు కీ కొట్టినవాడి కొడుకు కీ పీకడమా? పైగా అది చేసిన మరుక్షణం ఆ పాత పేరు నిజమైపోతుంది. చక్రధరరావు అబద్ధాన్ని తాను నిజం చేసిపెట్టడం ఏం పగ?

రెండు వరుసలనూ ప్రింటు తీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొత్త యంత్రం దగ్గరికి వచ్చి, బొమ్మను అందులోకి ఎక్కించి, సాఫ్ట్‌వేర్ లోపల దారి రాసి ఉన్న రెండు చోట్లా శ్రీకారం బదులు మూడు ఇంగ్లీషు అక్షరాలు పెట్టాడు. ఫోల్డరు పేరు మాత్రం ముట్టుకోలేదు. ఆ ఒక్కటీ మారేదాకా పెట్టె వస్తూనే ఉంటుంది.

"మెషీను హాలుకి పంపేయండి. నాలుగింటికి అక్కడే బాగవుతుంది."

"ఇప్పుడే చెయ్యొచ్చుగదయ్యా?"

"ఆఖరి పని మీ చేత్తో చెయ్యాలండీ. అక్కడే చెయ్యాలి."

"నా చేత్తోనా? ముహూర్తమేమన్నా చూశావా?" చక్రధరరావు ముఖం వెలిగింది.

"చాన్నాళ్లుగా చూస్తున్నానండీ."

కూర్మారావు ఇంటికి వెళ్లేసరికి తవిటయ్య వాకిట్లో కూర్చొని సైకిలు చెయిను తుడుస్తున్నాడు.

"నాన్నా, తెల్లచొక్కా ఏసుకో. సంగానికి ఎల్దాం."

"నానెందుకురా ఆడికి?"

"పోయిన పుస్తకం దొరికినాది."

 తవిటయ్య చెయిను వదిలి లేచి, లోపలికి వెళ్లి, పెట్టెలోంచి చొక్కా తీశాడు. తల్లి కన్నమ్మ గుమ్మంలో నిలబడి, "ఆడి మొకం సూసినావా? ఏదో సేసొస్తాడు. కూడా ఉండు," అని మొగుడి చెవిలో చెప్పింది.

నాలుగు గంటలకు హాలు నిండింది. సంఘం అధ్యక్షుడు శామ్యూల్ గారు, రైలింజను నడిపి రిటైరైన మనిషి, ముందువరుసలో కూర్చున్నాడు. తవిటయ్యను చూసి లేచి, "ఇన్నాళ్లకు దారి తెలిసిందా తవిటయ్యా!" అని పక్క కుర్చీ చూపించాడు. తవిటయ్య గోడవారనే నిలబడ్డాడు.

చక్రధరరావు మైకు అందుకొని దైవప్రార్థన చేసి, రీనాకు సైగ చేశాడు. గోడంత తెర మీద బూడిదరంగు పెట్టె వెలిసింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"కూర్మారావూ, కానియ్యి," అన్నాడు చక్రధరరావు నుదురు తుడుచుకుంటూ.

కూర్మారావు జేబులోని కాగితం తీసి శామ్యూల్ గారి చేతికిచ్చాడు. "ముందు ఇది గట్టిగా చదవండి శామ్యూల్ గారూ. మూడేళ్ల కింద ఇదే హాల్లో పోయిన లైబ్రరీ ఫైలు సంగతి. అది పుస్తకం కాదు. ఈ కంప్యూటరులోని ఒక ముక్క. పక్కగదిలో ఏదీ పోలేదు."

శామ్యూల్ గారు కళ్లద్దాలు సవరించుకొని రెండు వరుసలూ చదివాడు. తేదీలూ గంటలూ చదివాడు. చివరి పేరు దగ్గర గొంతు తగ్గింది.

"అబ్బే, అదంతా కంప్యూటరు గోలండీ, దాన్ని పట్టుకొని..." అంటూ అడ్డొచ్చాడు చక్రధరరావు.

"ముప్పయ్యేళ్లు ఇంజనులో టైములు రాసినవాణ్ణి. టైము గోల కాదు, సాక్ష్యం," అన్నాడు శామ్యూల్ గారు. "తవిటయ్యా, నువ్వు ఈయన దగ్గరికి ఎన్నింటికి వెళ్లావ్?"

"పదకొండు దాటినాది బాబూ. పుస్తకాలు లెక్కెట్టీసరికి అంతయినాది."

హాల్లో పాతికమందికి ఆ లెక్క ఒకేసారి తట్టింది.

చక్రధరరావు మైకును కిందికి దించి మెల్లగా ఏదో అన్నాడు.

"గట్టిగా అనండి," అన్నాడు కూర్మారావు. "నన్ను అన్నది మైకులోనే కదండీ. ఇదీ మైకులోనే అనండి."

"ఫైలు... ఎవరూ తీయలేదు. యాంటీవైరస్ తీసేసింది. మర్నాడు నేనే మళ్లీ పెట్టుకున్నాను. కూర్మారావు దొంగ కాడు." ఆ మాటలు ఒక్కొక్కటీ గోడలకు తగిలి తిరిగివచ్చాయి. "ఇక చాలా? ఇప్పుడన్నా బాగుచెయ్యి బాబూ."

"బాగుచేసే ఉంచానండీ. ఒక్కటే మిగిలింది." కూర్మారావు తెర మీద ఫోల్డరు చూపించాడు. గోడ మీద శ్రీకారం నిలువెత్తున మెరిసింది. "మీరు పెట్టిన ఈ పేరే దారికి అడ్డు. దీన్ని చెరపండి."

 చక్రధరరావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"శ్రీకారం చెరపడమా? నా చేత్తోనా? నువ్వే కానియ్యి నాయనా."

"నేను ఒకరి ఫైళ్లు ముట్టనండీ. మూడేళ్లుగా పేరు పడ్డవాణ్ణి."

శామ్యూల్ గారు గడియారం చూసుకున్నాడు. వెనకవరుసలో కుర్చీలు కదిలాయి. చక్రధరరావు మీట నొక్కాడు.

తెలుగు అక్షరం ఒక్క నొక్కుకు పోదు. కట్టిన క్రమంలోనే విప్పుకుంటుంది. మొదటి నొక్కుకు గుడిదీర్ఘం రాలిపోయి 'శ్ర' మిగిలింది. రెండవదానికి రవత్తు పోయి 'శ్' అయింది. మూడవదానికి పొల్లు పోయి ఒంటరిగా 'శ' నిలిచింది. ముందువరుసలో ఒక పెద్దామె "అయ్యో, అయ్యో," అంటూ చెంపలు వేసుకుంది. నాల్గవ నొక్కుకు గడి ఖాళీ అయింది. అంతసేపూ కూర్మారావు తెరను చూడలేదు. చక్రధరరావు ముఖాన్నే చూశాడు. ఆకలిగొన్నవాడు విస్తరిని చూసినట్టు చూశాడు.

"ఇప్పుడు ఎస్, ఆర్, ఐ కొట్టండి," అన్నాడు, మైకుకు అందనంత మెల్లగా.

సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. కళ్యాణమంటపం తలుపులు విడివడి, పొద్దుటి ఎండ నేల మీద పరుచుకుంది. ఎవరూ దాన్ని సరిగా చూడలేదు. ఆ సందడిలో తవిటయ్య గోడవారగా నడిచి పక్కగదిలోకి వెళ్లడం కూర్మారావు మాత్రమే గమనించాడు. వెనకే వెళ్లాడు. తండ్రి బీరువా ముందు నిలబడి పుస్తకాల వీపులు తడుముతున్నాడు.

"ఐతే ఏ పుస్తకమూ పోనేదన్నమాట," అన్నాడు తవిటయ్య.

"పోనేదు నాన్నా."

"మరి నానెందుకురా దండం ఎట్టినాను?"



ఆ తరువాత కూర్మారావుకు పనులు మళ్లీ వచ్చాయి. కాని ఊరికి ఒక పేరు తీసేస్తే ఇంకొక పేరు కావాలి. యాంటీవైరస్ సంగతి, గంటల సంగతి వారంలో ఆవిరయ్యాయి. నిండు సభలో చక్రధరరావు స్వహస్తంతో శ్రీకారం చెరిపాడన్నది మాత్రం మిగిలింది. అందుకు నూటొక్క కారణాలు పుట్టాయి. ఏదో మొక్కు అన్నారు. మతం మారుతున్నాడన్నారు. లక్ష్మి వెళ్లిపోయిందన్నారు. గృహప్రవేశాలు చేసుకునేవాళ్లు 'శ్రీ చెరిపినాయన' చేత ఇంటిబొమ్మ గీయించుకోవడానికి జంకారు. పంచాంగం చూడనిదే గుమ్మం దాటని మనిషికి అంతకంటె శిక్ష లేదు. బజారులో తల దించుకొని నడుస్తున్నాడు.

ఒక ఉదయం తవిటయ్య దుకాణంలో కూర్చొని ఉండగా బచేలీ నుంచి ఒకాయన ఫోను అద్దం మార్పించుకోవడానికి వచ్చాడు. మాటల మధ్య అడిగాడు.

"ఏమండీ, మీరు అక్కడే ఉన్నారట కదా. ఆయన నిజంగానే శ్రీని తీసేశాడా? ఎందుకట?"

అసలు సంగతి ఒక్క వాక్యం. తీసింది లేదు, అదే శ్రీని ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు, యంత్రానికి తెలుగు రాదు, అంతే. ఆ వాక్యం కూర్మారావు నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆయన్నే అడగండి, ఎందుకో," అన్నాడు. నవ్వాడు. బల్ల మీద చెయ్యి వేసి మరీ నవ్వాడు.

వచ్చినాయన ఫోను తీసుకొని మెట్లు దిగాడు. తవిటయ్య కొడుకు వైపు తిరిగాడు.

"శ్రీ ఎక్కడికీ పోనేదని నువ్వే సెప్పినావు గదరా నాకు. ఆయనకి సెప్పవేటి?"

కూర్మారావు పాత అద్దం ముక్కలు ఏరి డబ్బాలో వేశాడు.

"ఆ నవ్వు నాను ఒకపాలి ఇన్నాను," అన్నాడు తవిటయ్య.

అద్దం మార్పించుకున్నాయన ఇంకా రోడ్డు దాటలేదు. లారీ కోసం ఆగి నిలబడ్డాడు. ఒక్క కేక వేస్తే వినబడేంత దూరం. కూర్మారావు స్క్రూడ్రైవరు తీసుకొని ఇంకొకరి ఫోను విప్పడం మొదలుపెట్టాడు.